కొస దాచడం

ఈ ఊళ్లో ఊలెవరికి కావాలి?
మార్గశిరంలో కూడా బనీను వీపుకంటుకునే ఊరు.
కురుపాం మార్కెట్ సందులో, లేసులూ గుండీల వెనక అరలో
కలరా ఉండల వాసనేసుకుని
ఉండలు ఉండలుగా నిద్రపోతుంటుంది.
సత్తార్ భాయ్ నన్ను చూస్తే చాలు, నిచ్చెన జరుపుతాడు.

ముప్పై ఒక్క ఏళ్లు పోర్టులో టాలీ గుమస్తాని.
బస్తాలు లెక్కపెట్టిన నోరే
ఇప్పుడు కుట్లు లెక్కపెడుతోంది.
అక్కడ లెక్క తప్పితే మెమో.
ఇక్కడ తప్పితే విప్పుకోవడమే.

మగాడివి, నీకు అల్లికేమిటని అడిగేవాళ్లని
చేపలరేవుకి తీసుకెళ్లాలనిపిస్తుంది.
పోలారావు అక్కడ కాలి బొటనవేలికి తాడు తగిలించి
పొద్దుటి నుంచీ వల అల్లుతుంటాడు.
అతన్నెవరూ అడగరు.

అతని కూతురు నూకరత్నానికి రొయ్యల కంపెనీలో పని,
కోల్డ్ రూములో.
బయట ముప్పై ఆరు. లోపల సున్నాకి పద్దెనిమిది కింద.
"రబ్బరు గ్లౌజులిచ్చారు బాబూ,
ఏళ్లు కొయ్యలైపోతన్నాయి.
లోనకేసుకోడానికేటైనా అల్లిస్తారేటి?"

పైన రబ్బరుంటుంది కదా, ఏ రంగైతేనేం అన్నాను.
"నాకు తెలుస్తాది గదా" అంది.

సత్తార్ భాయ్ గల్లా మీద రంగులు కుప్పపోశాడు.
ఇటుక ఎరుపు తోసేసింది:
ఇనపరాయి దుమ్ము పడిన వాళ్లమ్మ దండెం అదే రంగట.
బూడిదరంగు బొగ్గు యార్డు.
పసుపు చూసి నేనే వద్దన్నాను,
గంధకం గుట్ట పక్కన చేసిన డ్యూటీలు
ఇంకా గొంతులో ఉన్నాయి.
ఒకటి పట్టుకుని వీధిలోకి నడిచింది.
ట్యూబులైటు మాట నమ్మదు.
ఎండలో తిప్పింది, తన జడ దగ్గర పెట్టి చూసుకుంది.
కనకాంబరం.

"కంపినీలో పువ్వెట్టుకోనియ్యరు" అంది,
సత్తార్ భాయ్‌తో కాదు, నాతోనూ కాదు.

అల్లిక తొమ్మిది రాత్రులు.
ముగించడానికి ఎన్నని నన్నడక్కండి.
పది వేళ్లు, ఇరవై కొసలు.
మొద్దు సూదికి ఒక్కో కొసా ఎక్కించి
లోపలివైపు పోగు వెంటే కొంచెం పైకి,
మళ్లీ ఎదురు తిప్పి కిందికి,
సాగదీసి చూసి, అప్పుడు కత్తెర.
అల్లిక మెచ్చుకునేవాళ్లుంటారు.
దాచిన కొసని మెచ్చుకోడానికి
అది కనిపిస్తే కదా.

తడిపి, పిండకుండా తువ్వాల్లో ఒత్తి,
టీవీ పెట్టెలోంచి దాచిన థర్మాకోల్ మీద
గుండుసూదులతో వేలు వేలుగా పరిచాను.
మూడు రోజులైనా ఆరలేదు.
సముద్రం కిటికీలోంచి వచ్చి మళ్లీ తడుపుతుంది.
ఇల్లంతా తడిసిన గొర్రె.
మా ఆవిడ ముక్కు మూసుకునే ఫ్యాను ఇటు తిప్పింది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది.
ఇరవైలో ఒక కొస, ఎడమ బొటనవేలిది,
నిద్రమత్తులో ముడేసి కత్తిరించేశాను.
ఎవరు చూస్తారు, పైన రబ్బరే కదా అని.

పదిహేను రోజులకి వచ్చింది నూకరత్నం.
నైట్ షిఫ్టు దిగి నేరుగా,
ఒంటినిండా రొయ్యల వాసనతో.
"బాబూ, ఇదొక్కటి బయటికొచ్చేసింది."
ఏదో నాకు చూడక్కర్లేదు.

"విప్పకు, చేతికుండగానే కుట్టేస్తాను" అన్నాను.
అరుగు మీద కూర్చుంది, చెయ్యి నా మోకాలి మీద పెట్టింది.
ముడి విప్పి, కురచైన కొసకి ఇంకో పోగు కలిపి
సూది లోపలికి పోనిచ్చాను.
"తగిల్తే చెప్పు."
"నాకెలా తెలుస్తాది బాబూ," నవ్వింది,
"ఆ ఏలికింకా పేణం రాలేదు."

సూది ఆపాను.
కళ్లద్దాలు తుడుచుకుని
మళ్లీ మొదటి నుంచీ,
పోగు వెంటే కొంచెం పైకి.