ఎత్తుగీతి లేని సీసం

బర్మింగ్‌హామ్, డెబ్బై ఆరు, ఫిబ్రవరి.
నాకు పాలపళ్ళు అగ్గిపెట్టెల్లో వస్తాయి.
ఒకటి దూదిలో, ఒకటి టీ పొట్లంలో,
ఒకటైతే చూయింగ్ గమ్‌కి అతుక్కునే వచ్చింది.
పెట్టె మీద పెన్సిలుతో పేరు, వయసు,
మోటర్‌వేకి ఇల్లు ఎన్ని గజాలో.

డెస్మండ్ టిబిట్స్. ఆరేళ్ళు. నలభై గజాలు.
లోపల వాళ్ళమ్మ చీటీ:
"పని కాగానే తిప్పి పంపండి.
దిండు కింద పెడితే ఆరు పెన్నీలొస్తాయని చెప్పాను వాడికి."
ఎలా పంపను?
పిండి అయితే గాని పన్ను నిజం చెప్పదు.

వాళ్ళ వంటింటి నెత్తిన మెలికలు తిరిగిన రోడ్లు,
ఒకదాని మీదొకటి.
పొద్దున ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి మసిగుడ్డ.
ఆ ఆకాశంలో చుక్క కనబడదు,
పెట్రోలుకు మాత్రం నాలుగు నక్షత్రాలు.

ఇంజన్ టకటకమనకూడదని కలిపారట దీన్ని,
నాలుగు పాదాల మీద నిలబడ్డ అణువు,
తియ్యటి వాసనేస్తుందంటారు.
ఇంజన్ నోరు మూయించింది, సరే.
అక్కడితో ఊరుకుందా?
కిటికీ గట్టు మీదికి దిగింది, రొట్టె మీదికి,
చీకే బొటనవేలి మీదికి.
ఎముకకేం తెలుసు పాపం,
సున్నమే అనుకుని
కష్టకాలానికి పనికొస్తుందని దాచుకుంది.

సీసమంటే నాకు బళ్ళో పద్యం.
దానికీ నాలుగే పాదాలు, ఒక్కోటీ బారెడు.
గుక్కపట్టి చదివి
కింద తేటగీతో ఆటవెలదో అందుకుంటే గాని
ఊపిరి దిగేది కాదు.
ఎత్తుగీతి మరిచిన పిల్లని
మాస్టారు కూర్చోనిచ్చేవారు కాదు.

డెస్మండ్ గురించి టీచరు రాసిన కాగితం కూడా ఉంది ఫైల్లో:
"వాక్యం బాగానే మొదలుపెడతాడు.
మధ్యలో కిటికీలోకి చూస్తూ ఉండిపోతాడు."

ముల్లు కుడివైపుకి పోయి, వణికి, ఆగింది.
ఇంకోసారి చూశాను. అక్కడే.
"ఒక్క పన్ను సాక్ష్యం కాదు,
అయిదొందలు కావాలి" అన్నారు డాక్టర్ ప్రిచర్డ్.
నిజమే.
ఇంకా నాలుగొందల తొంభై తొమ్మిది నోళ్ళు ఖాళీ కావాలి.

ఇంటికెళ్ళే ముందు
నా పర్సులో మిగిలిన పాత ఆరు పెన్నీల బిళ్ళ
అతని అగ్గిపెట్టెలో వేసి, అడ్రసు రాసి,
పోస్టు డబ్బా దగ్గర ఎందుకో ఒకసారి ఊపాను.

టకటకమంది.