గ్లాసు అడుగున

జిలీబ్‌లో మూడో అంతస్తు. ఏసీ నీళ్లు కారే గోడ పక్కన
దస్తగిరమ్మ చెప్పులు.
మొన్నటిదాకా పట్టినవి, ఈరోజు పట్టలేదు.
పాదం మీద వేలితో నొక్కాను.
గుంట పడింది, పూడలేదు,
తడి ఇసుకలో ఎవరో నిలబడి వెళ్లినట్టు.

"పసుపుపాలు తాగుతాండాలే అక్కా."
రాయచోటి కొమ్ములు, ఎవరిదో పెట్టెలో
గుడ్డల మధ్య దాక్కుని విమానమెక్కినవి.
శొంఠి. రెండు మిరియాలు.
మిరియాలెందుకే అంటే
మా జేజి ఏసేది, అంతే.

నేను పగలంతా షువైఖ్ ల్యాబులో
ఆ పసుపులోని పసుపునే చుక్కల్లెక్కన కొలుస్తాను.
ఎవరో కని ఇంటికి వెళ్లాక మిగిలిన మాయ,
గాజు పళ్లెంలో చిటికెనవేలి గోరంత.
మంట మేమే రేపుతాం. ఆపైన చుక్క వేస్తాం.
గీత కిందికి దిగుతుంది.
ఎలుకల్లోనూ దిగింది.
ఆ రోజు అందరం ఖర్జూరాలు పంచుకున్నాం.

మా కాగితాల్లో దానికి ఒకటే పేరు.
మనకు వాపు, మంట, సలుపు, ఎరుపు.
ఇంకోటి కూడా ఉంది, అమ్మ గొంతు తగ్గించి అనేది:
గుర్రపువాతం.
గుర్రాన్ని చూసినవాళ్లు లేరు మా వాడలో.
తెల్లారేసరికి ఖాళీ అయిన మంచాన్ని చూశాం.

తాగిన పసుపు నెత్తురుదాకా ఎంత నడుస్తుందో
దారిలో ఎంత రాలుతుందో నాకు తెలుసు.
మిరియం కాస్త చెయ్యిపట్టి నడిపిస్తుందనీ తెలుసు.
వాళ్ల జేజికి ఎవరు చెప్పారో తెలీదు.

కింది గది నర్సు మెర్లిన్ దగ్గర
బీపీ మిషను అడిగి తెచ్చాను.
నూట అరవై ఎనిమిది. కింద నూట పద్నాలుగు.
మళ్లీ చూశాను.
"తలకాయనొప్పే అక్కా, పండుకుంటే పోతాది.
కార్డు అడుగుతారు ఆస్పత్రిలో.
అకామా పోయి ఏడు నెల్లు."

లే.
పసుపుని నేనేమీ అనలేదే,
లే ముందు.

పోశెట్టి టాక్సీ, నిజామాబాదాయన,
ఎక్కడికని మాత్రమే అడిగాడు.
ఫర్వానియా కౌంటర్లో కార్డు అడిగారు.
నా కార్డు పెట్టాను, నాకు పని చేయని చోట
నా గొంతు కూడా పెట్టాను.

సూది ఎక్కుతుంటే
"ఒళ్లంతా మంటక్కా" అంది.
ఉండనీ.
ఈ మంటను ఓర్చుకో.

తెల్లవారి గదికొచ్చాను, ఆమె బట్టల కోసం.
గట్టు మీద గ్లాసు. పాలన్నీ తాగేసింది.
అడుగున పసుపు అలాగే పేరుకుని ఉంది.
కడగబోయి,
కాసేపు పట్టుకుని నిలబడ్డాను.