మోయించడం

మొన్నటిదాకా నా తల మీద బియ్యం మూట ఉండేది,
బరువు ఎక్కడుందో తెలిసేది.
ఇవాళ మెడలో తాడు, తాడుకి విజిల్,
చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు,
క్లిప్పు కింద సింగ్‌నగర్‌లో పదకొండు వీధులు.
ఫ్లైఓవర్ దిగేచోట నీళ్లు మొదలవుతాయి,
అక్కడే నా ప్లాస్టిక్ కుర్చీ.
శరభయ్యగారికి జ్వరమొచ్చి
"ఇక నువ్వే చూసుకో" అని ఫోన్ పెట్టేశారు.
ఏం చూడాలో చెప్పలేదు.

నిన్నటిదాకా అక్కా అన్న సుభానీ
టీ గ్లాసు అందిస్తూ "మేడమ్" అన్నాడు.
ఆ ఒక్క మాటకి మా మధ్య
మోకాటిలోతు నీళ్లు నిలిచాయి.

మొదటి పూట నేను చేసిన తప్పు చెబుతాను.
మూడు పడవలూ ఒకే వైపు పంపాను,
గట్టిగా అరిచిన వైపు.
అరవలేని వీధి ఒకటుంది, రేకుల ఇళ్ల చివర.
అక్కడ నాగూర్‌బీ బాలింత కోడలికి
పొద్దుగూకేదాకా మంచినీళ్లు చేరలేదు.
ఆమె నన్నేమీ అనలేదు.
సీసా మూత తీసి కోడలికిచ్చింది,
మంచం మీద వణుకుతున్న మేకపిల్లకి దోసిట్లో పోసింది,
మిగిలిన గుక్క తను తాగి
"రాసుకోమ్మా, ఒకటి అందింది" అంది.
రాసుకున్నాను.
తడి కాగితం మీద పెన్ను పడక
ఆ ఒకటిని మూడుసార్లు దిద్దాను.

ఆ రాత్రి వంతెన మీద అందర్నీ కూచోబెట్టి
తప్పు నాదన్నాను.
ఎవరైనా కాదంటారేమోనని కాస్త ఆశపడ్డాను కూడా.
పడవ యేసుపాదం బీడీ ఆర్పి
"ఏ వీధికి గొంతు లేదో మాకు తెలుసు మేడమ్,
మీరు అడగలేదుగా" అన్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే ముందు అడగడం,
తర్వాతే విజిల్.

గుంటూరు నుంచి లారీ వచ్చింది.
ఆరువందల సాంబారన్నం పొట్లాలు,
దారిలో ఎక్కడో ఆగిపోయి, ఎండలో ఉడికి,
విప్పితే పులిసిన వాసన.
ఇవతల ఆకలి వరసలో నిలబడి ఉంది.
సుభానీ నా మొహం చూశాడు,
డ్రైవర్ నా మొహం చూశాడు,
నేను చూడ్డానికి ఇంకో మొహం లేదు.
గొయ్యి తీయించాను.
కళ్లతో తిట్టినవాళ్లు చాలామంది,
ఒకావిడ నోటితోనే తిట్టింది.
ఆవిడకి బిస్కెట్లు ముందిమ్మని చెప్పబోయి ఆగాను.
వరస వరసే.

బైకు మీదొచ్చిన పెద్దమనిషి
తన సందుకి నలభై పాల ప్యాకెట్లు కావాలన్నాడు.
లేవు అనుంటే సరిపోయేది.
"ఉన్నాయి, ఇవ్వను" అన్నాను.
కాళ్లు వణకడం అట్ట వెనక దాచుకున్నాను.

అన్నం పెట్టడం తేలిక,
పడుకోబెట్టడమే గగనం.
ప్రభుదాసుకి పంతొమ్మిదేళ్లు, రెండు రాత్రులుగా కునుకు లేదు,
చెబితే వినడు, కసిరితే నవ్వుతాడు,
నవ్వుతూనే పడవ అంచు తప్పి నీళ్లలో కాలేశాడు.
అతని చెప్పులు దాచేశాను.
ఆఫీసు వాళ్లిచ్చిన శిక్షణ పుస్తకంలో
ఈ పద్ధతి లేదు.
నిమిషంలో పడిపోయాడు, మందుల పెట్టె మీద తల పెట్టి.
ఎంత చిన్నపిల్లాడో అప్పుడు కనిపించింది.

మూటలు దిగుతుంటే ఇప్పటికీ నా భుజం ముందుకు పోతుంది.
మోయడం వచ్చు నాకు, మోయించడం ఎవరు నేర్పారు?
నేనొక మూట ఎత్తితే
ఆ కాసేపు పదకొండు వీధుల్ని ఎవరూ చూడరు.
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
విజిల్ తాడు మెలిపెడుతూ నిలబడతాను.

ఆరో రోజు నీళ్లు తీశాయి, బురద మిగిలింది.
ఫోన్ చార్జింగ్‌కని అరగంట పోయి వచ్చేసరికి
పడవలు వెళ్లిపోయాయి,
రేకుల ఇళ్ల వైపే ముందు.
ఎవరూ నా కోసం ఆగలేదు.
సంతోషమేసింది,
కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

ప్రభుదాసు లేచి ఎవరి చెప్పులో వేసుకుపోయాడు.
అతనివి ఇంకా నా సంచిలోనే ఉన్నాయి,
ఎడమదానికి ఉంగరం తెగింది.
రేపు కుట్టించాలి.
కాదు, సుభానీతో కుట్టించమని చెప్పాలి.