నమూనా

టొలీడోలో, మంచు కరిగి బురదైన శనివారం.
బల్ల దీపం కింద భూతద్దం, నేను,
లెస్టర్ బ్రానిగన్ బేస్‌బాల్ కార్డు.

మూలలు మెత్తబడ్డాయి. అంచు ఎవరూ కత్తిరించలేదు.
అట్టకి వయసుకి తగ్గ పసుపు.
ఇంతవరకూ పేచీ లేదు.

సంతకమే తూలుతోంది.
బీ అక్షరం పొట్ట పగిలింది, చివరి గీత
దారి మరిచి బొమ్మ మోచేతి మీదికెక్కింది.

"మా అమ్మ నర్సు. ఆయన ఆఖరి వారంలో అడిగిందట,"
అంటోంది ఒడెట్ ప్రూయిట్, గొడుగు మడుస్తూ.
"ఇంటి కప్పు కారుతోంది, లేకపోతే అమ్మను."

గోడ మీద చట్రంలో పన్నెండు నమూనా సంతకాలు,
అచ్చు గుద్దినట్టు.
ఎవరు ఏది తెచ్చినా వాటితోనే పోల్చి చూస్తాం.

ఆ పన్నెండూ నావి.
పద్నాలుగేళ్లప్పుడు, ఆటగాళ్ల గదిలో
తువ్వాళ్లు మడిచే కుర్రాణ్ణి.
వంద బంతులకి రెండు డాలర్లు.
ఆయనకి బద్ధకం, నాకు ఆకలి.
ఆయన స్వయంగా రాయగా చూసింది రెండేసార్లు,
ఇలాగే,
తాగినవాడు మెట్లు దిగినట్టు.

ఫారంలో రెండే గళ్లు: అసలు, నకిలీ.

"ఎంతొస్తుందండీ?"

ముందు కూర్చోమన్నాను.
కుర్చీ ఎక్కి చట్రం దింపబోతే
మేకు కాస్త మొరాయించింది.