నాలుగు గంటలు వెనక

కుతైసీలో ఫిబ్రవరి.
రియోనీ నది రాత్రంతా రాళ్లు నమిలి
గొంతు రాసుకుపోయినట్టు పారుతోంది.
వంటగది బల్లమీద ప్లం పచ్చడి సీసా పక్కకు జరిపి
లాప్‌టాప్‌కి చోటు చేశాను.

పాత విండోస్‌ని తీసెయ్యడానికి లేదు.
బొమ్మలాటశాల పదమూడేళ్ల టికెట్ల లెక్క
అందులో తప్ప మరెక్కడా తెరుచుకోదు.
ఉంచుకుని వేగడానికీ లేదు.
ఒక్క కిటికీ తెరుచుకునేలోగా
టీ చల్లారి పైన మీగడ కడుతుంది.

మేడమీది బాద్రి వచ్చాడు.
జేబులో గోరంత పెన్‌డ్రైవ్,
అందులో ఇంకో సంసారమంతా.
"రెండూ ఉంచుదాం, సిసానా అత్తా."
ఒక ఒరలో రెండు కత్తులా? అన్నాను.
"కత్తులు కావు. వంతులవారీగా లేస్తాయి.
ఒకటి లేచినప్పుడు రెండోది పడుకునే ఉంటుంది."
తరవాత, పరగడుపునే వచ్చావా అని డాక్టరు అడిగినట్టు:
"అన్నీ నకలు తీసిపెట్టావుగా?"
తీశానన్నాను.

తెరమీద పొడుగాటి నీలం పట్టీ.
ఐదువందల గీగాబైట్ల నా బతుకు
ఇంతేనా, జానెడు!
గట్టు జరిపే రైతులా దాని అంచు పట్టుకుని
ఎడమకు లాగాడు బాద్రి.
కొంచెం వచ్చి ఆగిపోయింది.
కదలని ఫైలేదో నట్టనడుమ కూర్చుందట,
ఒళ్లో కోళ్లబుట్టతో బస్సెక్కిన ముసలమ్మలా,
మా ఊరొస్తేగానీ లేవనని.
దాన్ని బతిమాలడానికే గంట పట్టింది.
ఏవో ఆపాడు, ఏవో చెరిపాడు,
మూడుసార్లు ఆర్పి వెలిగించాడు.

చివరికి ఆ ప్రశ్న వచ్చింది:
ఈ మార్పును వెనక్కి తీసుకోలేరు. కొనసాగించాలా?
మా పెళ్లప్పుడు కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.
సరే నొక్కాను.

పన్నెండు శాతం దగ్గర కరెంటు పోయింది.

వీధి పోయింది. నది చప్పుడు పెద్దదైంది.
బ్యాటరీ ముప్ఫై ఒకటి.
ఇప్పుడు ఆపేస్తే? అన్నాను.
"రెంటికీ చెడ్డ రేవడే."
అప్పుడు చెప్పాను.
నకలు తీసింది లెక్కలకే.
నుగ్జారి గొంతు తియ్యలేదు.
ఇరవై ఏళ్లు మా గాడిదబొమ్మకి గొంతు అరువిచ్చినవాడు
రిహార్సల్లో మాట మరిచిపోయి,
దగ్గి, నవ్వి,
గాడిదలాగే క్షమాపణ చెప్పిన పదకొండు నిమిషాలు.
లెక్కల్లోకి వచ్చేది కాదు కనక
లెక్కపెట్టలేదు.

బాద్రి నన్నేమీ అనలేదు.
తెర వెలుతురు తగ్గించాడు, తగ్గించాడు,
అంకెలు కనబడేంత మటుకు ఉంచాడు.
ఇద్దరం కోటుల్లో చేతులు పెట్టుకుని
పురిటిగది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం.
అరవై నాలుగు.
అరవై నాలుగు.
అరవై నాలుగు.
మొక్కజొన్న రొట్టె చీకట్లోనే తుంచి ఇచ్చాను,
ఏది నా సగమో ఏది వాడి సగమో చూసుకోలేదు.
బ్యాటరీ తొమ్మిదికి వచ్చేసరికి
పని నూరయింది.
కరెంటు దాని మానాన అది
ఇంకో అరగంటకి వచ్చింది, ఏమీ ఎరగనట్టు.

లినక్స్ వెళ్లి తన వాటాలో సర్దుకుంది.
పట్టీ చివర బూడిదరంగు పలక ఒకటి మిగిలింది,
మూడు గీగాబైట్లు, ఎవరిదీ కాదు.
"కొలత తప్పింది. ఎటో ఒకవైపు కలిపేస్తా."
ఉండనీ, అన్నాను. గోడకి మందం అక్కర్లేదా?

ఇప్పుడు మీట నొక్కితే నల్లటి తెర,
రెండు పేర్లు, పది సెకన్లు.
తేల్చుకోకపోతే అదే తేల్చేస్తుంది.
తొమ్మిది దాకా తటపటాయించి
పాతదాన్నే లేపాను.
లేచింది. నుగ్జారి ఉన్నాడు.
దగ్గాడు, నవ్వాడు.

గడియారం మాత్రం ఆరు చూపిస్తోంది.
బయట రాత్రి పది.
కొత్తది లోపలి గడియారాన్ని తన పద్ధతిలో దిద్దిందట,
పాతది దాన్ని తన పద్ధతిలో చదువుతోందట.
"ఒక్క వాక్యం రాస్తే సర్దుకుంటుంది, రేపొస్తా,"
అన్నాడు బాద్రి, బూట్లు తొడుక్కుంటూ.

ఆరంటే
మా రిహార్సల్ మొదలయ్యే వేళ.
తొందరేం లేదు, బాద్రీ.
మెట్లమీద బల్బు లేదు, చూసుకుని ఎక్కు.