ఐదో గ్లాసు

గురువారం సాయంత్రం హల్ ఊళ్ళో
వాన వెలిసీ వెలవనట్టుంది.
నార్మన్ ఇబట్సన్ వంటింటి బల్ల మీద
ఐదు గ్లాసులు,
అడుగున అంటించిన కాగితం ముక్కల మీద
ఒకటి నుంచి ఐదు దాకా నా చేతిరాత.
ఐదు సూపర్‌మార్కెట్లు, ఐదు సొంత సరుకులు,
ఏదీ పౌనున్నర దాటదు.

సీసాలు కొన్నది నేను, దాచింది నేను.
ఒకదాని మీద కోట బొమ్మ,
ఒకదాని మీద కొమ్ముల జింక,
ఒకదాని పేరు నోరు తిరగదు.
అక్కర్లేని అచ్చు మీద కూడా రెండు చుక్కలు పెట్టారు
పసిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు.
వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు:
తయారీ ఇంగ్లండులోనే,
ఇక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణం.
పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నార్మన్‌కి ఆ అక్షరాలు కనిపించవు.
ఇరవై రెండేళ్ళు లారీ తోలిన మనిషి.
రాత్రి ఓడెక్కి, పొద్దున్నే రాటర్‌డామ్‌లో దిగి,
మధ్యాహ్నానికల్లా డోర్ట్‌మండ్.
ఇప్పుడు ఏది చూసినా సరిగ్గా నడిమధ్యన
ఒక మసక మచ్చ.
లైసెన్సు సొరుగులో, గుండీలతో పాటు.
"నాలిక్కి లైసెన్సు అక్కర్లేదుగా" అంటాడు.

మూడో మనిషి జిగ్మంట్, పక్కింటివాడు,
చేపల శీతల గోదాములో రాత్రి షిఫ్టు.
బీరు అంటే అతనికి చల్లగా ఉండాలి, అంతే.
మిగతాదంతా కబుర్లంటాడు.

ఒకటో గ్లాసు. "తడిసిన అట్టపెట్టె.
రాయి, మూడు."
రెండోది. "ఇది బీరు కాదు,
బీరు గురించి ఎవరో మోసుకొచ్చిన కబురు."
రెండున్నర.
మూడోది గోధుమ బీరు, మబ్బు మబ్బుగా.
అరటిపండు, లవంగం అన్నాడు నార్మన్.
పళ్ళ డాక్టరు గది అన్నాడు జిగ్మంట్.
కాసేపు వాదించుకుని ఆరు దగ్గర రాజీపడ్డారు.
నాలుగోది నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు.
"నీళ్ళు. నాలుగు ఇవ్వు, పాపం."
గ్లాసు పక్కకి జరిపేశాడు.

ఐదోది పెదవికి తాకింది.
మాట లేదు.
ఫ్రిజ్ గురగుర ఒక్కటే వినిపిస్తోంది.
అప్పుడు మొదలెట్టాడు:
డోర్ట్‌మండ్ బయట లారీలు తూచే చోటు,
దాని పక్కన రేకుల కొట్టు,
కొట్టులో హెడ్‌విగ్ అనే పెద్దావిడ.
ఒక జనవరిలో రోడ్డు మంచుతో మూసుకుపోతే
బఠాణీ చారు పోసింది, సీసా మూత తీసి పెట్టింది,
డబ్బులిస్తే ఆ చెయ్యి మీదే
చిన్నగా ఒక దెబ్బ వేసింది.
"అదే ఇది. ఆ చేదే.
రాయి మేవిస్, తొమ్మిది."

రాశాను.
తొమ్మిదికి తోక కొంచెం వంకర పోయింది.

జింక సీసా ఉంది చూశారూ,
అది బస్ స్టాపు దగ్గరే సంచి చిరిగి జారిపోయింది.
నురగంతా కాలవలోకి పోయింది.
మళ్ళీ వెళ్ళడానికి కాళ్ళలో ఓపిక లేక
నాలుగూ ఐదూ
ఒకే కోట సీసాలోంచి వంచాను.

తలుపు పక్క చెత్తబుట్టలో ఖాళీ సీసాలు.
జిగ్మంట్ కళ్ళు లెక్కపెట్టాయి.
నాలుగు.
నా వైపు చూశాడు. నేను కుళాయి వైపు చూశాను.
గ్లాసు ఎత్తి, అడుగు దాకా తాగి,
"ఐదోది నాకూ నచ్చింది" అన్నాడు,
ఏ బీరునీ ఎన్నడూ మెచ్చుకోనివాడు.

వారం తిరిగింది.
నార్మన్ చేతిలో పెట్టిన నోటు ఇంకా వెచ్చగా ఉంది:
ఆరు తీసుకురా, ఐదో రకం.
ఆ నాలుగోది మాత్రం వద్దు, డబ్బు దండగ.

అర ముందు నిలబడి
కోట సీసాలు ఆరు సంచిలో సర్దుకున్నాను,
ఈసారి రెండు సంచులు, ఒకదాంట్లో ఒకటి.
సరుకు సర్దే కుర్రాడు అడిగాడు,
బాగుంటుందా అని.

"మొదటి గ్లాసు బాగోదు నాయనా" అన్నాను.
"అదే సీసాలోంచి రెండోది పోసుకో."