పట్టూ విడుపూ

బ్రిస్టల్ పెద్దమనిషి ఒకాయన దగ్గర కొన్నాను దాన్ని.
అరవై ఏడు నాటి రెండు సీట్ల బుల్లి బండి,
ముదురాకుపచ్చ, పైకప్పు గుడ్డకి మూడు మాసికలు.
"అన్నీ మెరుగుపరిచాను," అన్నాడు తాళాలిస్తూ.
"వెడల్పు టైర్లు, పొడుగు గేరింగు,
మోటార్‌వే మీద పిల్లిలా పోతుంది."

పోయింది కూడా.
సెవెర్న్ వంతెన దాటి చాలాదూరం దాకా
ఇంజను కునుకు తీస్తూనే ఉంది.

లానిడ్లోస్ తరవాత కొండదారి.
అక్కడ తెలిసింది.
రెండో గేరులో అరుపు, మూడోదానిలో ఆయాసం,
నాకు కావలసిన వేగం రెంటికీ నడుమ
చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు
ఎక్కడా తగల్లేదు.
మలుపుల్లో టైర్లు రోడ్డుని
అప్పులవాడు చొక్కా పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.
వదలవు. ఒక్క మాటా చెప్పవు.
స్టీరింగు రుబ్బురోలంత బరువు.
నలభై మైళ్ళ వేగంలో ఏమీ జరగలేదు.
అరవైలో ఏమీ జరగలేదు.
ఆపైన జరిగేదేదో
జరిగాక చెప్పడానికి నేనుండను.

మాల్డ్‌విన్ షెడ్డులో దింపాను.
ఆయన వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి
షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీసి
నన్ను చక్రాలు తిప్పమన్నాడు.
చక్రానికి ఒక్క చుట్టు,
షాఫ్టుకి మూడు చుట్లూ, ముప్పాతికకి కాస్త తక్కువ.
"పుట్టినప్పుడు దీనికి నాలుగూ చిల్లర, నెస్టా.
లోపలున్నవి అరవై అయిదు గుర్రాలు,
వాటిలో కొన్ని ముసలివి.
ఇంత పెద్ద అంగ వెయ్యమంటే ఎలా వేస్తాయి?"

టైర్ల దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.
టీ చల్లారిపోయింది.
"హద్దుని ఊరవతలకి నెట్టేస్తే భద్రం అనుకుంటారు.
అది గుమ్మంలో ఉంటేనే
రోజూ పలకరించి రావచ్చు."

పాత డిఫరెన్షియల్ ఒకటి వెతికి పట్టడానికి ఏడు వారాలు.
దానితోపాటు సన్న టైర్లు, జానెడు వెడల్పైనా లేవు.
"సైకిలువా?" అన్నాడు మా మరిది ఇవోర్.

అక్టోబరు, వాన వెలిసిన పొద్దు.
రోడ్డంతా తడి ఆకులూ గొర్రెల పెంటికలూ.
మొదటి గేరు ఇలా వేశానో లేదో అయిపోయింది,
రెండోది చిటికెలో,
మూడోది
కొండకి కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.
కాలు నొక్కితే జవాబుంది,
ఎత్తితే జవాబుంది.
డిలైవ్ దగ్గరి ఎడమ మలుపులో
ముందు టైర్లు ఉస్సుమన్నాయి చిన్నగా,
చూసుకో అన్నట్టు.
వెనకభాగం మాట తూలినట్టు
బెత్తెడు పక్కకి జరిగింది.
చెయ్యి కాస్త వదులు చేశాను,
పొరపాటైంది అన్నట్టు తిరిగొచ్చి నిలబడింది.
పగలబడి నవ్వాను, ఒక్కదాన్నే.
ముల్లు చూస్తే ముప్పై అయిదు.

వెనక ఎర్ర పోస్టు వ్యాను
దీపాలు కొడుతూనే ఉంది పాపం.
పక్కకి తీసి దారిచ్చాను.
అద్దం దింపి అడిగాడు కుర్రాడు,
"ఏమైందండీ, బండి చెడిందా?"
"లేదు బాబూ," అన్నాను, "ఇప్పుడే బాగైంది."

అన్నీ చెప్పాలి కదా.
నవంబరులో చెస్టర్ వెళ్ళాను మోటార్‌వే మీద.
అరవై మైళ్ళకే నాలుగు వేల చుట్లు,
పళ్ళ సందుల్లోంచి వణుకు.
లారీలు నన్ను దాటుతూ జాలిగా చూశాయి.
వానలో బ్రేకు తొక్కితే
ఆగుదామా వద్దా అని ఆలోచించుకుంది బండి.
రెండు రోజులు చెవుల్లో తుమ్మెద.

ఆ పొడుగు గేర్ల డిఫరెన్షియల్
మాల్డ్‌విన్ బల్ల కింద ఉంది ఇంకా,
నూనె రాసి, పాత పేపర్లలో చుట్టి.
అమ్మేద్దామా అని నేనడగలేదు,
ఆయనా అడగలేదు.
దూరం వెళ్ళక తప్పని ఏడాది
ఒకటి రావచ్చు.

షాఫ్టు మీది సుద్దగీత మాత్రం తుడవలేదట.
నేను రోడ్డు మీదున్నప్పుడల్లా
అది సీటు కింద, చీకట్లో
తిరుగుతూ ఉంటుంది,
నాలుగు సార్లు, ఇంకా కొంచెం.